అద్దంలో చెయ్యి

"నీ చేత్తోనే పరీక్ష చేశావు. ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయని నీ నోటితోనే చెప్పావు. ఇప్పుడు ఉన్నట్టుండి చెవుడంటే ఎవరు నమ్ముతారు?"

అత్తగారు ఈ మాట అనడం తెల్లారినప్పటి నుంచీ ఎన్నోసారో ఆవిడకే తెలీదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. కోడలే గబగబా వెళ్ళి మంట ఆపింది. అత్తగారి నోటి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, మామూలు రోజుల్లోనే మొదలైతే ఓ పట్టాన ఆగదు. కాకపోతే ఇవాళ అందులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. భయపడ్డప్పుడు ఆవిడ గొంతు ఇంకో మెట్టు పైకి వెళుతుంది.

అంత గొంతూ వరండాలో ఉన్న మామగారికి అందడం లేదు. ఇటు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని, డ్యూటీకి వేసుకెళ్ళే బూట్లకి శ్రద్ధగా పాలిష్ పెడుతున్నాడాయన. తన గురించే ఇంత రాద్ధాంతం జరుగుతుంటే మెడ కూడా తిప్పలేదు. మొన్నటిదాకా కోడలు అది ఆయన పెద్దరికం అనుకునేది. పెళ్ళాం అరుపుల్ని చెవిన వేసుకోని నిదానం అనుకుని లోలోపల మెచ్చుకునేది కూడా.

నిన్న సాయంత్రంతో ఆ భ్రమ వదిలిపోయింది. గేటు ముందు నిలబడ్డ మామగారి మీదికి నీళ్ళ వ్యాను వెనక్కి వస్తూ హారన్ మీద హారన్ కొడుతుంటే ఆయన కదల్లేదు. కోడలు పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. "చూశాలే" అని నవ్వేశాడు. చూడనూ లేదు, విననూ లేదు. వినికిడి మీదే పెద్ద చదువు చదువుతున్న పిల్లకి ఆ సంగతి అర్థం కావడానికి అట్టే సేపు పట్టలేదు. భోజనాల దగ్గర అడిగేసింది. అడగడం తప్పు కాదు గానీ అందరి ముందూ అడగడం తప్పయింది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు, అత్తగారు తప్ప.

ఆయన బస్సు డ్రైవరు. పొద్దున్న లేస్తే బస్సునిండా జనాన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పుతాడు. వెనక నుంచి హారన్ వినబడదు, పక్క నుంచి సైకిలు బెల్లు వినబడదు, కండక్టరు విజిల్ వినబడదు. కోడలికి కళ్ళు మూస్తే చాలు, చక్రాల కింద ఎవరో ఒకరు కనబడుతున్నారు.

దీనికి తోడు ఆ డిపోలో వినికిడి పరీక్షలు పెట్టింది సాక్షాత్తూ తనే. యూనివర్సిటీలో వాళ్ళ విభాగానికి ఒక పద్ధతుంది. చదివిన చదువు నాలుగ్గోడల మధ్య మూలగకూడదు, విద్యార్థులు జనంలోకి వెళ్ళి పనికొచ్చే పని చెయ్యాలి, ఆ పనిలోంచే పరిశోధన పుట్టాలి. మిగతా పిల్లలు బళ్ళూ ఆస్పత్రులూ ఎంచుకుంటే ఈమె మామగారి డిపో ఎంచుకుంది. బతుకంతా ఇంజను పక్కన కూర్చునేవాళ్ళ చెవులు ఎలా ఉన్నాయో చూస్తానంది. ఎవరి చెవుల సంగతి వాళ్ళకే చెప్తాం, వాళ్ళు సరేనంటేనే డిపోకి చెప్తాం అని ఒక్కో డ్రైవరుకీ మాటిచ్చి మరీ కూర్చోబెట్టింది. తీరా చూస్తే అందరివీ కుర్రాళ్ళ చెవుల్లా ఉన్నాయి. చెప్పుకోండమ్మా, మాకేం అభ్యంతరం అన్నారు అందరూ. మేనేజరు పొంగిపోయి, ఈ ఏడాది ఆస్పత్రి పరీక్ష అక్కర్లేదు, యూనివర్సిటీ పరీక్ష చాలన్నాడు. మామగారి ఫలితమైతే మరీ బ్రహ్మాండంగా వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి అత్తగారికి గొప్పగా చెప్పింది కూడా.

ఇంతలో మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. టైల్స్ కొట్లో పని. తల్లి వైపు చూస్తే పెళ్ళానికి కోపం, పెళ్ళాం వైపు చూస్తే తల్లికి కోపం కాబట్టి ఇలాంటప్పుడు గోడవైపు చూస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. నాన్న రిటైరయ్యేదాకా ఈ మాట గడప దాటకూడదని గోడకి చెప్పాడు. ఈ వయసులో పనికిరావు పొమ్మంటే ఆ మనిషి తట్టుకోలేడన్నాడు. స్టీరింగు తప్ప నాన్నకి వేరే లోకం తెలీదన్నాడు.

"ఈలోపు ఎవరినైనా గుద్దేస్తే?" అంది కోడలు.

మొగుడు గోడమీంచి కూడా చూపు తిప్పుకున్నాడు. దెప్పిపొడుపు లేకుండా, నిజంగానే తెలియక అడిగాడు.

"అది సరే గానీ, నీ పరీక్షలో ఎలా పాసయ్యాడు?"

కోడలు పొద్దుట్నుంచి తనని తాను అడుగుతున్నదీ అదే. హెడ్‌ఫోన్లు పెడతారు, సన్నటి కూత వినిపిస్తారు, వినబడితే వేలెత్తాలి. మామగారు ప్రతి కూతకీ వేలెత్తాడు. వినబడని మనిషి ఎలా ఎత్తాడు?

బూట్లు తొడుక్కుని లేచి ఇటు తిరిగిన మామగారికి ముగ్గురి మొహాలూ ఒక్కసారే కనబడ్డాయి. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియకపోయినా ఎవరి గురించో తెలిసింది. కోడలు ఆయనకి ఎదురుగా, తన నోరు ఆయనకి బాగా కనబడేట్టు నిలబడింది.

"మామయ్యా, ఈ ఒక్కరోజు సెలవు పెట్టండి. మా డిపార్ట్‌మెంట్‌కి వెళ్దాం. ఇంకోసారి చూస్తాను. ఎవరికీ చెప్పను."

ఆయన ఆమె పెదవుల మీంచి చూపు తియ్యలేదు. చూస్తూ చూస్తూ నవ్వాడు. "నువ్వే కదా తల్లీ నాకు మార్కులేసింది. నీ చదువు మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?" అన్నాడు. టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు. ఇవాళ సెలవు పెడితే కోడలి మాట నిజమని ఒప్పుకున్నట్టేనని ఆయన అనుకుంటున్నట్టు ఆ నడకలోనే తెలిసిపోతోంది.

అత్తగారు ఎన్నడూ లేనిది గేటుదాకా వెళ్ళింది. ఆయన సందు మలుపు తిరిగేదాకా నిలబడి, వచ్చి గడప మీద కూలబడింది.

"నాకు తెలుసు," అంది చివరికి, నేలవైపు చూస్తూ. "నీకంటే ముందే తెలుసు. పిలిస్తే పలకడు. చేత్తో తడితే గానీ తిరగడు. బస్సులో విజిల్ ఉన్నాడు, వాడు చూసుకుంటాడులే అని గుండె రాయి చేసుకున్నాను."

విజిల్ అంటే మామగారి కండక్టరు. అసలు పేరు వాళ్ళావిడ కూడా మర్చిపోయి ఉంటుంది. వాడు చూసుకోవడం ఏంటి, ఎలా చూసుకుంటాడు అని కోడలు అడిగితే అత్తగారు మూతి బిగించేసింది. అప్పటిదాకా కోడలికి ఆవిడ మీద ఉన్న కోపం కాస్తా జాలి అయిపోయింది. ఆ జాలి వల్ల భయం ఇంకా పెరిగింది.

యూనివర్సిటీకి వెళ్ళేసరికి ప్రొఫెసరమ్మ మహా ఉత్సాహంగా ఉంది. డిపో పరీక్షల మీద రాసిన వ్యాసాన్ని పెద్ద సదస్సులో చదవడానికి ఎంచుకున్నారట. ఇంజను మోత మధ్య బతికే డ్రైవర్ల చెవులు ఇంత బాగా ఉండటం వింతగా ఉందని అక్కడి పెద్దలే అన్నారట. ఇది నీ కష్టం అని కోడలి భుజం తట్టింది. కోడలికి ఆ చెయ్యి బరువుగా తగిలింది.

ఒక మనిషి ఫలితం తప్పని తెలిస్తే ఏం చెయ్యాలి మేడమ్ అని అడిగింది. ఎవరు, ఏమిటి అని చెప్పలేదు. ఇచ్చిన మాట ఒకటి నోటికి అడ్డం పడింది, ఇంటి పరువు ఇంకొకటి.

ప్రొఫెసరమ్మ నవ్వు ఆగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఒక మనిషి చెవుల సంగతి ఆ మనిషి సొంతం. అది నువ్వు నాక్కూడా చెప్పకు. నేనడిగినా చెప్పకు. కానీ పరీక్షే తప్పయితే అది మన తప్పు. దాన్ని దాచుకునే హక్కు మనకి లేదు. వ్యాసం పోతే పోతుంది. ఎక్కడ తప్పిందో నీకు తెలుసా?"

తెలీదంది. అయితే వెళ్ళి కనుక్కో, సాయంత్రంలోగా నాకు ఫోన్ చెయ్యి అంది ఆవిడ. కోడలు తలూపి బయటికొచ్చింది. తప్పు దొరకకపోతే మామగారు రోజూ బస్సెక్కుతాడు. దొరికితే డ్రైవర్లందరికీ మళ్ళీ పరీక్ష పెడతారు, మామగారి చెవుడు బయటపడుతుంది, ఆయన్ని బయటపెట్టింది కోడలేనని డిపో అంతా చెప్పుకుంటుంది. తప్పు దొరకాలని కోరుకోవాలో దొరక్కూడదని కోరుకోవాలో ఆ పిల్లకి పాలుపోలేదు.

డిపోలో టైంకీపరు ఆమెని చూసి మళ్ళీ క్యాంపు పెడుతున్నారా అమ్మా అని సంబరపడ్డాడు. పరీక్షలు జరిగింది ఆయన గదిలోనే. కాస్త చూసుకుపోతానని లోపలికెళ్ళి, ఆ రోజు డ్రైవర్లు కూర్చున్న కుర్చీని ఆ రోజు ఉన్నచోటే వేసుకుని కూర్చుంది.

పరీక్ష చేసేవాళ్ళ చెయ్యి చేయించుకునేవాళ్ళకి కనబడకూడదు. మొదటి పాఠమే అది. మీట నొక్కడం కనబడితే కూత వినకుండానే వేలెత్తేస్తారు. అందుకే ఆమె అందర్నీ తనకి వీపు పెట్టి, గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. గోడకి గాజు తలుపులున్న నోటీసు బోర్డు ఉంది. గాజు వెనక పాత కాయితాలు కనబడుతున్నాయి, అంతే. ఇందులో తప్పేముంది? హమ్మయ్య అనుకుని, అనుకున్నందుకు సిగ్గుపడి, లేవబోయింది.

లేవబోతూ ఆగింది. ఆ రోజు గది ఇలా లేదు. రోడ్డు మోత రాకుండా కిటికీ మూసి దళసరి పరదా తనే లాగింది. చీకటైపోయి మిషన్ మీది అంకెలు కనబడకపోతే టేబుల్ లైటు కూడా తనే వేసింది.

పరదా లాగింది. లైటు వేసింది. వచ్చి మళ్ళీ కూర్చుంది.

గాజు వెనక కాయితాలు మాయమైపోయాయి. వాటి బదులు వెనకున్న టేబులు, దాని మీద దీపం, దీపం కింద ప్రతి వస్తువూ ఎదురుగా ఉన్నంత స్పష్టంగా కనబడ్డాయి. టైంకీపరుని పిలిచి, టేబుల్ దగ్గర నిలబడి మీకు తోచినప్పుడల్లా అక్కడ వేలితో నొక్కండి అంది. ఆయనకేం అర్థం కాకపోయినా నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ గాజులో వేలు దిగడం చూసి ఆమె వేలెత్తింది. ఒక్కటి కూడా తప్పలేదు. హెడ్‌ఫోన్లు లేవు, కూత లేదు, మిషనే లేదు. ఆ కుర్చీలో రాయిని కూర్చోబెట్టి కళ్ళు పెడితే అది కూడా పాసయ్యేది.

మామగారొక్కడే కాదు, డిపోలో ఉన్న ప్రతి డ్రైవరూ ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. ఎవరు విని ఎత్తారో, ఎవరు చూసి ఎత్తారో ఇప్పుడు చెప్పడం తన వల్ల కాదు. అందరూ మెచ్చుకున్న ఆ కుర్రాళ్ళలాంటి చెవులన్నీ దొంగ చెవులైనా కావచ్చు.

ఫోన్ చెయ్యాలి. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. అంతలో పరదా పక్కకి జరిపితే ఎదురుగా టికెట్ల కౌంటరులో కూర్చుని విజిల్ కనబడ్డాడు. బస్సులో ఉండాల్సిన మనిషికి కౌంటరులో ఏం పని?

వెళ్ళి అడిగింది. కౌంటరాయనకి జ్వరం వస్తే తనని ఇక్కడ కూర్చోబెట్టారని విజిల్ చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆమె మొహం చూసి మాట తడబడ్డాడు.

"నీకు తెలిసిపోయిందా అమ్మాయ్?"

తెలిసిపోయిందంది. విజిల్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంతా కక్కేశాడు. కిందటేడు ఆస్పత్రి పరీక్ష అయిన దగ్గర్నుంచీ ఆయన చెవులు తనేనట. బస్సు పై కమ్మీ వెంట వెనకదాకా సన్నటి తాడు కట్టుకున్నారు, దాని కొస మామగారి మోచేతికి ఉంటుంది. ఒకసారి లాగితే ఆపాలి, రెండుసార్లు లాగితే పోవాలి. వదలకుండా గట్టిగా లాగి పట్టుకుంటే వెనకాల అంబులెన్సు వస్తోందని. జనం చూసినా బట్టలారేసుకునే తాడు అనుకుంటార్లే అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"మరి ఇవాళ?" అంది కోడలు.

"ఇవాళ వెళ్ళొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. కొత్తగా చేరిన కండక్టరమ్మాయిని వేశారు. ఆ పిల్లకి తాడు సంగతి తెలీదు. చెప్తే ఊరంతా తెలుస్తుందని తాడు విప్పేసి వెళ్ళాడు."

మధ్యాహ్నం ట్రిప్పుకి మామగారి బస్సు స్టాండులో ఇంజను ఆన్ చేసి సిద్ధంగా ఉంది. కోడలు ఏం ఆలోచించుకోలేదు. పరిగెత్తింది. కదులుతున్న బస్సు ముందు తలుపు పట్టుకుని ఎక్కేసింది.

మామగారు అద్దంలోంచి ఆమెని చూశాడు. ఏమీ అనలేదు. కోడలు ఆయన వెనక సీట్లో కూర్చుని ముందు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

నిజం చెప్పొద్దూ, ఆయన బండి నడుపుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆ మనిషికి స్టాపులన్నీ కంఠతా. అద్దాల్లోకి చూసే చూపు ఒక్కక్షణం నిలవదు. ఇటు అద్దం, అటు అద్దం, ఎదర రోడ్డు, మళ్ళీ ఇటు. చెవులు చెయ్యాల్సిన పని కూడా ఆ కళ్ళే చేస్తున్నాయి. మొదటి రెండు స్టాపుల్లో కండక్టరమ్మాయి విజిల్ వెయ్యడం, బస్సు ఆగడం ఒకేసారి జరిగాయి. ఈయన విజిల్‌కి ఆగలేదనీ, స్టాపు చూసి ఆగాడనీ కోడలికి తప్ప ఎవరికీ తెలీదు. ఈమాత్రం ఆధారం దొరికితే చాలు కదా మనసుకి, ఇలాగే వెళ్ళిపోవచ్చేమో, ఇంకొన్నాళ్ళేగా అని కోడలు కూడా ఒక్క క్షణం అనుకుంది.

తర్వాత ఒక ముసలాయన ఆస్పత్రి మలుపులో దింపమన్నాడు. కండక్టరమ్మాయి విజిల్ వేసింది. బస్సు ఆగలేదు. మళ్ళీ వేసింది. ఆగలేదు. ముసలాయన సణిగాడు, నలుగురు గొంతు కలిపారు, ఆ పిల్ల చెయ్యెత్తి ఊపితే అది అద్దంలో పడి అప్పుడాపాడు. డ్రైవర్లకి పొగరెక్కువని ఎవరో అన్నారు. వెనక నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయేదాకా ఆయన దారివ్వలేదు. ఆ లారీ కనబడగానే ఆయన భుజాలు ఉలిక్కిపడటం ఆమె చూసింది. ఆయన కూడా భయపడుతున్నాడు. పొద్దుట్నుంచి, కాదు, ఎన్నాళ్ళ నుంచో ఆయన ఇలా భయపడుతూనే బండి నడుపుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆ నవ్వంతా పైపై నవ్వే.

బజారు స్టాపులో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకరినొకరు తోసుకున్నారు. నిలబడ్డ జనంతో వెనక తలుపు అద్దంలో కనబడకుండా పోయింది. ముందు తలుపు ఖాళీ అయింది. మామగారు అది చూసి గేరు వేశాడు.

కండక్టరమ్మాయి ఆగమని విజిల్ వేసింది. వేస్తూనే ఉంది. వెనక తలుపులో ఒకావిడ ఒక కాలు రోడ్డు మీద, ఒక కాలు మెట్టు మీద పెట్టి ఉంది. ఆవిడ సంచి పట్టీ కమ్మీకి చిక్కుకుంది. బస్సు కదిలింది. బస్సులో ఉన్నవాళ్ళంతా ఒక్క పెట్టున అరిచారు. అంత అరుపూ వినబడక మామగారు ఇంకాస్త వేగం పెంచాడు.

కోడలు లేచి రెండు చేతులతో ఆయన భుజం పట్టి గుంజింది.

బ్రేకు పడింది. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. కోడలు వెనక తలుపు దగ్గరికి ఎలా వెళ్ళిందో ఆమెకి తెలీదు. సంచి చిక్కుకున్న ఆవిడ వెనక చక్రానికి జానెడు దూరంలో మోకాళ్ళ మీద ఉంది. అరచేతులు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. బతికే ఉంది. ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. తాగకుండా ఆవిడ లేచి, దిగి వస్తున్న మామగారి మొహంలోకి చూస్తూ అడిగింది.

"చెవుడా ఏంటయ్యా నీకు? ఇంతమంది అరుస్తుంటే వినబడదా?"

ఊళ్ళో ఎవరు ఎవరినైనా అనే మాటే అది. మామగారు ఆవిడ పెదవులు చూశాడు. చేతులు చూశాడు. చక్రం చూశాడు. రెండు చేతులూ ఎత్తి తప్పయిపోయిందన్నట్టు నిలబడ్డాడు. ఆవిడ తిట్టినంతసేపూ తల దించలేదు. తల దించితే ఏమంటోందో తెలియదు మరి.

జనం పలచబడ్డాక బస్సు పక్కకి తీసి ఇంజను ఆపేశాడు. ముందు మెట్టు మీద కూర్చున్నాడు. కోడలు ఎదురుగా నిలబడింది.

"ఆ పిల్ల విజిల్ వేసిందా?"

"వేసింది మామయ్యా."

"మొదటి నుంచీ వేస్తోందా?"

అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది. "మొదటి నుంచీ."

ఒకటీ రెండూ నాకు వినబడ్డాయనుకున్నాను అన్నాడు ఆయన, తనలో తను అనుకుంటున్నట్టు. విన్నదేదో, అనుకున్నదేదో తనకే తెలియడం లేదన్నాడు. అది చెబుతున్నప్పుడు ఆయన గడ్డం వణికింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆయన్ని ఎప్పుడూ అలా చూడలేదు కోడలు. ఏడుపొచ్చింది. ఏడ్చింది.

ఆయన లేచి, వేరే డ్రైవరుని పంపమని డిపోకి చెప్పు, ఈ లోపు వీళ్ళని వెనక బస్సెక్కించు అని కండక్టరమ్మాయికి చెప్పాడు. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని తలూపింది. తర్వాత ఇటు తిరిగాడు.

"మీ మేడమ్‌కి ఫోన్ చెయ్యి. నా సంగతి చెప్పు. నాకిచ్చిన మాట నేనే వెనక్కిచ్చేశానని చెప్పు."

కోడలు ఫోన్ చేసింది. పరదా సంగతి, దీపం సంగతి, గాజులో చెయ్యి కనబడే సంగతి చెప్పింది. అలా చూసి వేలెత్తినవాళ్ళలో ఒకరు మా మామగారు అని చెప్పింది. ఆయనే చెప్పమన్నారని కూడా చెప్పింది. ప్రొఫెసరమ్మ అవతల నుంచి, డిపోకి ఇప్పుడే నేను చెప్తాను, తప్పు మనదేనని చెప్తాను, కానీ ఒక్కటి తెలియాలి, అద్దంలో చూసినవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

కోడలు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ఆయనకి కనబడేట్టు నెమ్మదిగా అదే ప్రశ్న అడిగింది.

మామగారు పెదవులు చూశాడు. అర్థమైంది. అర్థమైనట్టు మొహంలో తెలుస్తూనే ఉంది. చూపు తిప్పుకున్నాడు. కోడలు ఆయన చెయ్యి పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఇంకో డ్రైవరున్నాడు," అన్నాడు. "పరీక్షకి వెళ్ళలేనని ఏడ్చాడు. అద్దం సంగతి నేనే చెప్పాను. వాడికి నా మాత్రం కూడా వినబడదు."

"ఎక్కడున్నాడు మామయ్యా ఇప్పుడు?"

ఆయన ఎండ ఎంతవరకు వాలిందోనని రోడ్డు వైపు చూశాడు.

"వాడిది స్కూలు పిల్లల ట్రిప్పు. బడి వదిలేసి ఉంటారు."